రెండు చుట్ల ముడి

దీవిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దకీ పిన్నకీ ఆమె "అయ్యో అత్త". ఏ మాట మొదలుపెట్టినా ముందు "అయ్యో" అననిదే ఆమెకు నోరు పెగలదు. వాన పడితే అయ్యో, పడకపోతే అయ్యో. లాంచీ పది నిమిషాలు ఆలస్యమైతే అయ్యో, పది నిమిషాలు ముందొస్తే "అయ్యో, అంత వేగంగా ఎందుకు తోలినట్టు?" ఆ లాంచీ తోలే సరంగు ఆమె మొగుడే. ఇరవై ఆరేళ్ళుగా రోజుకు నాలుగుసార్లు ఆయన నీళ్ళ మీదికి వెళ్తున్నాడు, రోజుకు నాలుగుసార్లు ఆమె గుండె అరచేతిలోకి వస్తోంది. ఆయన మాత్రం తిరిగొచ్చి, చెప్పులు విడిచి, "బతికే ఉన్నాను, టీ పెట్టు" అంటాడు.

ఇంట్లో ఒక్కతే కూతురు. పేరు ఏదైతేనేం, బుజ్జి అంటే అందరికీ తెలుసు. ఇరవై మూడేళ్ళ పిల్ల. దీవి ఆఫీసులో బావుల నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం. ఏ బావిలో ఉప్పు ఎంత పెరిగిందో వారానికోసారి సీసాలు పట్టుకుని తిరిగి రాసుకొస్తుంది. ఆ పని ఒక్కటే చేసినన్నాళ్ళూ అయ్యో అత్తకు పెద్దగా దిగులు లేదు. బావిలోకి వంగకుండా తాడుతో తోడుకో అని మాత్రం రోజూ చెప్పేది. అసలు దిగులు నీలం పుస్తకంతో పట్టుకుంది.

మూడేళ్ళ కిందట ఒక పోటుకు సముద్రం మొదటి వీధిలోకి వచ్చి, ఇళ్ళలో మంచాలు తేల్చి, బావులన్నీ ఉప్పు చేసి పోయింది. అప్పుడు దీవి జనమంతా బడిలో కూర్చుని, ఇకమీద సముద్రం ఇలాగే పైకి వస్తూంటే మనం ఎలా బతకాలి అని నెలల తరబడి మాట్లాడుకుని ఒక పుస్తకం రాసుకున్నారు. దానికి ఆఫీసులో మూరెడు పేరుంది. నీలం అట్ట కాబట్టి జనం నోట నీలం పుస్తకమైంది. అందులో రాసుకున్నవన్నీ ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చారు. ఒడ్డున రాతికట్ట లేపారు. దాని ముందు బురదలో, ఉప్పునీళ్ళకు తట్టుకునే మడచెట్ల మొక్కలు నాటారు. బావుల చుట్టూ గోడలు నడుముదాకా పెంచి మూతలు పెట్టారు. మెరక మీది బడికి స్తంభాలు వేసి పై అంతస్తు కట్టారు. కాలవ నోటికి ఇనప తలుపు బిగించారు.

ఇవన్నీ అయ్యాక పుస్తకంలో చివరి పేజీ మిగిలింది. పోటు వచ్చే రోజున జనం ఇళ్ళు ఖాళీ చేసి బడికి ఎలా వెళ్ళాలో ఆ పేజీలో ఉంది. ప్రతి ఇంటికీ ఒక తెల్లగుడ్డ. ఇల్లు ఖాళీ చేసి తలుపు వేసుకునేటప్పుడు ఆ గుడ్డ గడియకు కట్టి వెళ్ళాలి. వీధికి ఒక బాధ్యురాలో బాధ్యుడో ఉంటారు. గుడ్డ ఉన్న ఇంటి ముందు ఆగక్కర్లేదు. గుడ్డ లేని ఇంటికి తాళం వేసి ఉన్నా సరే, తలుపు కొట్టాలి, కిటికీలోంచి చూడాలి, వెనక్కి వెళ్ళి చూడాలి. ఆ వీధిలో చివరి మనిషి కదిలాకే తాము కదలాలి. కదిలేముందు మూడుసార్లు ఈల వెయ్యాలి. అంటే ఆ వీధి ఖాళీ అన్నమాట.

రెండువందల పద్నాలుగు ఇళ్ళకు గుడ్డలు కుట్టింది అయ్యో అత్తే. ఆమెకు కుట్టుమిషను ఉంది, చేతిలో పనితనం ఉంది. గాలికి పోగులు లేచిపోకూడదని నాలుగు అంచులూ మడిచి రెండు వరసలు కుట్టింది. తప్పిపోతే, చిరిగిపోతే, ఎలక కొట్టేస్తే అని మరో పది ఎక్కువ కుట్టి మిషను సొరుగులో పెట్టుకుంది. మిషను తొక్కుతున్నంతసేపూ ఇదేదో మంచి పని అనే అనుకుంది. మొదటి వీధికి బాధ్యత ఎవరు తీసుకుంటారు అని సభలో అడిగితే తన కూతురు చెయ్యెత్తిందని ఆ సాయంత్రం తెలిసింది.

"అయ్యో! ఆ సభలో ఇంకెవరికీ చేతులు లేవా?"

"ఉన్నాయమ్మా. నాది ముందు లేచింది."

"మొదటి వీధే దొరికిందా? సముద్రం వస్తే ముందు మన గుమ్మమే కదే తొక్కేది! ఐదో వీధి తీసుకోవచ్చుగా, మెరకలో."

"ఐదో వీధిలో ఉండేది ఐదో వీధివాళ్ళు. మన వీధి మనమేగా చూసుకోవాలి." బుజ్జి సీసాలు కడుక్కుంటూ అంది. "పందొమ్మిది ఇళ్ళమ్మా. ఎంతసేపు పడుతుంది?"

ఎంతసేపు పడుతుందో రెండు నెలల తరవాత తెలిసింది. ఎండ కాస్తున్న ఒక ఆదివారం పొద్దున ఉత్తుత్తి పోటు అని సైరను మోగించి అందర్నీ బడికి రమ్మన్నారు. మిగతా వీధులు అరగంటలో ఖాళీ అయ్యాయి. మొదటి వీధిలో మాత్రం పందొమ్మిదిలో పదకొండు ఇళ్ళవాళ్ళు గుడ్డ కట్టడం మరిచిపోయి చక్కా వచ్చేశారు. పాపం బుజ్జి తాళం వేసిన ప్రతి తలుపూ బాది, ప్రతి గోడా ఎక్కి చూసి వచ్చేసరికి గంటా ఇరవై నిమిషాలు. అయ్యో అత్త బడి మేడమీంచి గడియారం చూస్తూ నిమిషాలు లెక్కపెట్టింది. ఇదే నిజం పోటైతే ఈపాటికి వీధిలో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉండేవి అని ఎవరో అన్నారు. అన్నవాళ్ళు మరిచిపోయారు. ఆమె మరిచిపోలేదు. ఆ రోజునుంచి కళ్ళు మూస్తే చాలు, మోకాళ్ళ లోతు నీళ్ళలో తలుపులు బాదుతూ తిరుగుతున్న కూతురే.

నిజం పోటు ఇంకో రెండు నెలలకు, ఆ ఏడాది చివర్లో వచ్చింది. ముందురోజే కబురందింది: రేపు మధ్యాహ్నం మూడింటికి నీరు గట్టిగా లేస్తుంది, వెనక గాలి కూడా ఉంది. పన్నెండుకు సైరను, ఒంటిగంటకు వీధులు ఖాళీ, ఆ తరవాత కాలవ తలుపు మూత.

పొద్దున తొమ్మిదింటికి అయ్యో అత్త గుమ్మంలో నిలబడి ఆకాశంకేసి చూస్తుంటే ఎదురింటి రేడియో తాత చేతిలో సంచితో బయటికొచ్చాడు. రేడియోలు బాగుచేయడం ఆయన వృత్తి, చెవులు మాత్రం ఎప్పుడో పాడైపోయాయి. తనకు వినిపించేలా తను మాట్లాడతాడు, దాంతో వీధి మొత్తానికి వినిపిస్తుంది.

"మా చిన్నమ్మాయి దగ్గరికి పోతున్నానే అమ్మాయ్! అవతలి ఒడ్డుకి! ఈ గాలీ ఈ గోలా అయ్యాకే వస్తా!"

"అయ్యో, జాగ్రత్త మామయ్యా! అంచున నిలబడకండి!"

"కంచమా? అక్కడే తింటాలే!"

తలుపుకు తాళం వేసి, మూడుసార్లు లాగి చూసి, తాళంచెవి సంచిలో వేసుకుని, వీధి వీధంతా వీడ్కోలు చెప్పి ఆయన రేవు వైపు వెళ్ళాడు. గడియకు గుడ్డ కట్టలేదు. చూశారా, ఈయనా మరిచిపోయాడు అనుకుంది ఆమె. అదిగో, అక్కడ పుట్టింది ఆలోచన.

తాళం వేసి, గుడ్డ కట్టని ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయని మెల్లగా వీధి చివరిదాకా నడిచి చూసింది. తాపీమేస్త్రీ కుటుంబం నాలుగు రోజులుగా ఊళ్ళోనే లేరు, గుడ్డ లేదు. బేకరీ ఆయన తెల్లవారకముందే బడికి వెళ్ళి జనానికి రొట్టెలు చేస్తున్నాడు, గుడ్డ లేదు. రేడియో తాతతో కలిపి మూడు. మూడూ ఖాళీ ఇళ్ళేనని తనకు కళ్ళారా తెలుసు. ఈ మూడింటికోసం బుజ్జి గోడలెక్కి దిగాలా? మూడు పదులు ముప్ఫై నిమిషాలు. ఆ ముప్ఫై నిమిషాల్లో నీళ్ళు ఎంతదాకా వస్తాయో!

మిషను సొరుగులోంచి మూడు గుడ్డలు తీసి జేబులో కుక్కుకుంది. పన్నెండుకు సైరను మోగింది. బుజ్జి పసుపుపచ్చ కోటు తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని, "అమ్మా, నువ్వు ముందు వెళ్ళు, మన గుడ్డ నువ్వే కట్టు, సరేనా?" అని చెప్పి వీధి ఆ చివరికి పరిగెత్తింది. ఈవిడ తమ గుమ్మానికి గుడ్డ కట్టింది. ఇటూ అటూ చూసింది. దొంగతనానికి వచ్చినదానిలా ఒంటిని గోడకు ఆనించుకుంటూ వెళ్ళి మేస్త్రీ గడియకొకటి, బేకరీ గడియకొకటి, ఆఖరున రేడియో తాత గడియకొకటి కట్టేసింది. ఆ ముడులు ఊడేవి కావు. తన మూటలకైనా, సంచులకైనా ఆమె వేసేది ఒకే ముడి: రెండు చుట్లు తిప్పి, బిగించి, కొసను లోపలికి దోపుతుంది. గాలి కాదు కదా గాలివాన వచ్చినా విప్పలేదు.

బడిమెట్లు ఎక్కుతుంటే ఎన్నాళ్ళకో గుండెమీది బండ కాస్త పక్కకు జరిగినట్టనిపించింది.

పై అంతస్తులో వీధికొక గది. మొదటి వీధికి మూడో తరగతి గది వచ్చింది. చిన్నపిల్లల బల్లలమీద పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. మూలన దుప్పట్లు, నీళ్ళ డబ్బాలు. కింద వంటగదిలోంచి రొట్టెల వాసన. పెద్ద టీచరమ్మ చేతిలో పట్టీ పట్టుకుని గదిగదికీ తిరుగుతోంది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు హాజరు వేసిన మనిషి, ఇప్పుడు వాళ్ళ అమ్మానాన్నలకు వేస్తోంది.

"మేస్త్రీ వాళ్ళు?"

"ఊళ్ళో లేరండీ," అన్నారు నలుగురు.

"రేడియో తాత?"

"లాంచీ ఎక్కాడు," అంది అయ్యో అత్త అందరికంటే ముందు. "నేను చూశాగా. తాళం వేసుకుని మరీ వెళ్ళాడు."

టీచరమ్మ రాసుకుంది. పన్నెండున్నర. కిటికీలోంచి చూస్తే రాతికట్ట మీదనుంచి తెల్లటి నురగ ఎగిరిపడుతోంది. మడమొక్కలు ఒక్కసారి వంగి మళ్ళీ లేస్తున్నాయి. కట్ట సందుల్లోంచి నీళ్ళు సన్నగా వీధిలోకి కారడం మొదలైంది. ఫరవాలేదు, ఇంకాసేపట్లో ఈల వినిపిస్తుంది, పిల్ల వచ్చేస్తుంది, పోయినసారిలా గంటా ఇరవై నిమిషాలు కాదు అని తనలో తనే చెప్పుకుంటూ ఉంది.

అప్పుడే సరంగు లోపలికొచ్చాడు. లాంచీని వెనక కాలవలో కట్టేసి, తడిసి ముద్దయి, ఒక చేత్తో జుట్టు పిండుకుంటూ. రెండో చేతిలో ఒక సంచి.

"బతికే ఉన్నాను," అన్నాడు మామూలుగా. తరవాత గది నాలుగు మూలలూ చూశాడు. "రేడియో మామయ్య ఏడీ? ఈ సంచి ఆయనదే. లాంచీలో వదిలేశాడు."

"వదిలేశాడంటే?" అంది అయ్యో అత్త.

"సంచి బల్లకింద పెట్టి కూర్చున్నాడు. నేను తాడు విప్పుతుంటే, ఏదో గుర్తొచ్చినవాడిలా లేచి గబగబా దిగిపోయాడట. పక్కన కూర్చున్నావిడ అవతలి ఒడ్డుకు చేరాక చెప్పింది. ఈ బడి బ్యాటరీ రేడియో ఆయన దగ్గర బాగుకు ఉందట, ఇవాళ ఇక్కడ అక్కరపడుతుందని, అది ఇచ్చొస్తానన్నాడట." ఆయన సంచి కింద పెట్టాడు. లోపల తాళంచెవి గలగలమంది. "మరి తాళంచెవి ఇక్కడుంటే ఇంట్లోకి ఎలా వెళ్ళాడో. వెనకవైపు నుంచి వెళ్ళుంటాడు. ఇక్కడికే వచ్చుంటాడనుకున్నానే."

రాలేదు. ముందు తలుపుకు తాళం. తాళం మీద తెల్లగుడ్డ. వెనక గదిలో చెవులు వినపడని ముసలాయన, సైరను మోగినా తెలియనివాడు. ఆ తలుపు ముందునుంచి బుజ్జి గుడ్డ చూసుకుని, వేలితో ఒకటి లెక్కపెట్టుకుని, ముందుకు వెళ్ళిపోతుంది. పుస్తకం అలాగే చెయ్యమంది మరి.

ఆమె సంచికేసి చూసింది. చెప్పాలి. చెబితే ఈ గది గదంతా తనకేసి చూస్తుంది. అది కూడా కాదు, చెబితే బుజ్జిని మళ్ళీ ఆ నీళ్ళలోకే పంపినట్టు. ఏ నీళ్ళనుంచి తప్పించాలని ఇదంతా చేసిందో ఆ నీళ్ళలోకే. చెప్పకపోతే...

సరిగ్గా అప్పుడు కిందనుంచి గాలిలో తేలుతూ ఈల వినిపించింది. ఒకటి. రెండు. మూడు.

"మొదటి వీధి ఖాళీ!" ఎవరో చప్పట్లు కొట్టారు. "బుజ్జి లెక్క సరిపోయింది. ఇంకా పావు తక్కువ ఒంటిగంట కూడా కాలేదు!"

రెండు నెలలుగా ఆ మూడు ఈలల కోసమే ఆమె ప్రాణం పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఒక్కో ఈలా ఒక్కో మేకులా దిగింది.

"సరిపోలేదు," అంది.

"ఏమిటీ?"

"సరిపోలేదమ్మా టీచరమ్మా! లెక్క తప్పు. నేనే తప్పు చేశాను." ఇక ఆగలేదు. మూడు గుడ్డల సంగతీ, గోడవెంట నడవడం సంగతీ, అన్నీ ఒక్క గుక్కలో కక్కేసింది. "పిల్ల తొందరగా వచ్చేస్తుందని... అయ్యో, నేను ఆయన్ని లోపల పెట్టి గుడ్డ కట్టేశానమ్మా..."

టీచరమ్మ కళ్ళజోడు తీసి ఆమెకేసి చూసింది. పిల్లలను చూసే చూపు కాదు. "తిట్టడానికి తరవాత టైముంటుంది," అంది. "ఇద్దరు మనుషులు, తాడు, రెండు లైఫ్‌జాకెట్లు. పుస్తకంలో ఉన్నట్టే. ఒంటరిగా ఎవరూ దిగొద్దు."

సరంగు తడి చెప్పుల్లోకి మళ్ళీ కాళ్ళు దూర్చాడు. బేకరీ ఆయన చేతులకంటిన పిండి దులుపుకుంటూ వచ్చి జాకెట్ తొడుక్కున్నాడు. వాళ్ళ వెనకే ఆమె కూడా మెట్లు దిగింది. "నువ్వెక్కడికి?" అన్నారెవరో. వినిపించుకోలేదు. ఆఖరి మెట్టుమీద, స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడింది. మెరక కింద రోడ్డు మీదుగా చీలమండల లోతు నీళ్ళు బురద రంగులో పారుతున్నాయి.

మలుపులో ముందు వినిపించింది గొంతు.

"చిన్నగా తొయ్యవే పిల్లా! రేడియో తడుస్తుంది!"

తరవాత బండి కనిపించింది. బేకరీ వాళ్ళు పిండిబస్తాలు తోసుకొచ్చే రెండు చక్రాల తోపుడుబండి. దాని మీద రేడియో తాత కాళ్ళు చాపుకుని, ఒళ్ళో ప్లాస్టిక్ కవరు చుట్టిన రేడియోను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వెనకనుంచి పసుపుపచ్చ కోటు తోస్తోంది.

అయ్యో అత్తకు "అయ్యో" కూడా రాలేదు. స్తంభం వదిలి అక్కడే మెట్టుమీద కూలబడిపోయింది. పోయిన ప్రాణం లేచొచ్చిందంటారే, అది నిజంగా కాళ్ళలోంచి పైకి పాకడం ఆమెకు తెలిసింది. నవ్వో ఏడుపో, ఏదో ఒకటి తన్నుకొచ్చింది.

సరంగూ బేకరీ ఆయనా ఎదురెళ్ళి బండిని మెరక మీదికి ఎక్కించారు. బుజ్జి మెట్ల దగ్గరికొచ్చింది. జుట్టంతా తడిసి మొహానికి అతుక్కుపోయింది. కోటు జేబులోంచి మూడు తెల్లగుడ్డలు తీసి తల్లి ఒళ్ళో పడేసింది.

"ఇవి నీవేగా?"

"నీకెలా..."

"బేకరీ బాబాయ్ గడియకు చూశాను ముందు. బాబాయ్ పిండిబస్తాలకు వేసేది లాగుముడి, ఒక్కసారి పట్టి లాగితే ఊడొస్తుంది. ఇదేమో రెండు చుట్లు, కొస లోపలికి దోపి." బుజ్జి గొంతులో కోపం ఉంది. ఒగర్పు కూడా ఉంది. "పదేళ్ళు రోజూ పొద్దున నా రెండు జడలకు రిబ్బన్లు కట్టింది ఎవరే? స్కూల్లో నా జడలు లాగేవాళ్ళు ఎవరూ విప్పలేకపోయేవాళ్ళు. ఆ ముడి నాకు తెలీదనుకున్నావా?"

ఆమె మూడు గుడ్డలనూ పిడికిట్లో పట్టుకుని తల దించుకుంది.

"అలా ఇంకా ఎన్ని కట్టావో అని మొదటినుంచి మళ్ళీ చూసుకుంటూ వచ్చా. రెండు చుట్లు ఉన్నదల్లా విప్పేసి, గుడ్డ లేనట్టే లెక్క. మన ఇల్లు తప్ప. మేస్త్రీ బాబాయ్ ఇల్లు ఖాళీ. బేకరీ ఖాళీ. తాత ఇంటి వెనక్కి వెళ్తే, తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల రేడియో కుయ్‌కుయ్‌మంటోంది."

"ఏం చేస్తున్నాడే పాపం?"

"ఏం చేస్తాడు? చెవులకు ఆ పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, రేడియోలో ఆఖరి వైరు అతుకుతున్నాడు. నీళ్ళు వచ్చి పాదాలకు తగిలితే టీ ఒలకబోసుకున్నాననుకున్నాడట. గ్లాసు కోసం వెతుకుతున్నాడు నేను వెళ్ళేసరికి."

వెనకనుంచి సరంగు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విన్నాక ఆమెకు తల ఎత్తే ధైర్యం వచ్చింది. బుజ్జి నవ్వలేదు. తడిసిన మెట్టుమీదే తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, ఆ లెక్క నువ్వు వేసేస్తే మధ్యలో నేనెందుకు? నా కళ్ళతో చూస్తేనే నాకు భయం ఉండదు. నువ్వు కట్టిన గుడ్డ నమ్మి వచ్చేసుంటే రేపటినుంచి నేను ఆ వీధిలో నడవగలనా?"

"నిన్ను తొందరగా..."

"తెలుసు."

"నీళ్ళు వచ్చేస్తాయని..."

"తెలుసమ్మా. చీలమండల దాకా వచ్చాయి. చూడు, ఇంతే." కాలు పైకెత్తి చూపించింది. "నేను చూసుకుంటూనే ఉన్నా. మోకాళ్ళ దాకా వస్తే ఎవరి కోసమూ ఆగకుండా వచ్చెయ్యమని పుస్తకంలో ఉంది. ఆ పేజీ కిందిదాకా నువ్వు చదవలేదా?"

చదవలేదు. తెల్లగుడ్డ సంగతి దాకా చదివి, భయమేసి మూసేసింది. ఆ ఒక్క వాక్యం చదివి ఉంటే రెండు నెలలు నిద్ర పట్టేది గదా!

మూడింటికి సముద్రం అనుకున్నంతా వచ్చింది. జనం కిటికీల దగ్గర గుమిగూడి చూశారు. కట్ట దాటిన నీళ్ళు మొదటి వీధిలో మోకాలి ఎత్తున నిలిచాయి, రెండో వీధి గుమ్మాలు తాకాయి, అక్కడితో ఆగాయి. మడమొక్కలు తలలు మునిగీ తేలీ, మొత్తానికి పీకేసుకుపోకుండా నిలబడ్డాయి. తాత రేడియో గరగరమని, ఒక్కసారి దగ్గి, తరవాత స్పష్టంగా మాట్లాడింది. నీరు తగ్గుముఖం పట్టింది అంది. గదుల్లో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆ చప్పుడు గాలి చప్పుడును మించింది.

"ఏమందీ?" అన్నాడు తాత.

"తగ్గుతోందట తాతా!"

"మరి తగ్గదూ? నేను బాగుచేశాక!"

రొట్టెలు పంచుతుంటే అయ్యో అత్త తన వాటా పట్టుకెళ్ళి తాత ముందు నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "మామయ్యా, మీ గడియకు గుడ్డ కట్టింది నేనే. మీరు లోపలున్నారని తెలీక" అంది, గది మొత్తానికి వినపడేలా. అరవకపోతే ఆయనకు వినపడదు మరి. ఇంతకంటే గట్టి శిక్ష టీచరమ్మ కూడా వేసి ఉండదు.

తాత రొట్టె తీసుకుని నమిలాడు. "నేను దిగి వెనక్కి వచ్చినట్టు ఎవరికైనా చెప్పానా? చెప్పలేదు. చెవులే పనిచెయ్యవనుకున్నా, బుర్ర కూడా పాడైంది. ఇంకో రొట్టె ఉందా?"

పొద్దుగూకక ముందే కాలవ తలుపు ఎత్తారు. వీధిలో నీళ్ళు బుడబుడమంటూ వచ్చిన దారినే వెళ్ళాయి. టీచరమ్మ నీలం పుస్తకం తెరిచి చివరి పేజీ కింద, అందరి ముందూ, రెండు లైన్లు రాసింది. ఎవరి గుడ్డ వాళ్ళే కట్టుకోవాలి, ఒకరిది ఇంకొకరు కట్టకూడదు. లాంచీ ఎక్కినవాళ్ళు దిగిపోతే సరంగుకు చెప్పి దిగాలి. "ఇలాంటివి చేసేవాళ్ళు ఉంటారని రాసేటప్పుడు మనకెవరికీ తట్టలేదు," అంది ఎవరికేసీ చూడకుండా. జనం అంతా నవ్వుతూ ఒకరికేసే చూశారు. ఆ ఒకరు కూడా నవ్వేసింది. నవ్వగలిగినందుకే కళ్ళు చెమర్చాయి.

ఇంకా వెలుతురుండగానే ముగ్గురూ ఇంటికి బయల్దేరారు. వీధంతా సన్నటి బురద. బుజ్జి సీసా సంచి భుజాన వేసుకుని దారిలో ప్రతి బావి మూతా తట్టి చూసింది. గోడలకు నడుము కింద తడి గీత ఉంది, పైన లేదు. ఆఫీసుకు వెళ్ళి పరీక్ష చేయాలి గానీ, చూడబోతే ఉప్పు చేరినట్టు లేదంది.

తమ గుమ్మం ముందు ఆగారు. గడియకు కట్టిన గుడ్డ తడిసి బిగుసుకుపోయింది. అయ్యో అత్త గోళ్ళతో లాగింది, పళ్ళతో పట్టి చూసింది. ఊహూఁ. లోపల ఇల్లు ఎలా ఉందో, మిషను కాళ్ళదాకా నీళ్ళు వచ్చాయేమో, అంటూ ఇంకా గట్టిగా లాగింది. ముడి ఇంకా బిగిసింది.

"అయ్యో, కత్తెర లోపలుండిపోయిందే! ఇప్పుడు మన ఇంట్లోకి మనం ఎలా వెళ్తాం?"

"జరుగు," అంది బుజ్జి.

తల్లి చెయ్యి పక్కకు తీసి, ముడి చుట్టూ వేలితో తడిమి, దోపిన కొస ఎక్కడుందో పట్టుకుంది. దాన్ని బయటికి లాగలేదు. ఇంకాస్త లోపలికి తోసింది. అలా తోస్తే మొదటి చుట్టు వదులవుతుంది, ఆ తరవాత రెండోది దానంతటదే జారుతుంది. రోజూ సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, అద్దం ముందు నిలబడి, ఎవరి సాయమూ లేకుండా నేర్చుకున్న విద్య.

గుడ్డ ఊడి చేతిలోకి వచ్చింది. సరంగు తలుపు తోసి, లోపలికి తొంగి చూసి, "మిషను బతికే ఉంది," అన్నాడు. "టీ పెట్టు."